గేటు ముందు ఆగని బండి

ఆత్మకూరు, సోమశిల, ఉదయగిరి. నెల్లూరు జిల్లా పడమటి వైపున్న ఈ మూడు ఊళ్లను నేను మూడు రోజుల్లో చూశాను. కొంత బస్సు కిటికీలోంచి, కొంత ఒక పాత పికప్ బండి ముందు సీట్లోంచి, మిగిలినదంతా అదే బండి కింద వెల్లకిలా పడుకుని చూశాను. కాబట్టి ఉదయగిరి కోటకు ఎన్ని బురుజులున్నాయో నన్ను అడగవద్దు. ఆ కొండ కింద ఒక వెనక చక్రం పక్కన ఏం దొరికిందో మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మాది తెనాలి. ఆటోమొబైల్ డిప్లొమా చదివి, చెన్నై దగ్గర ఒక వర్క్‌షాపులో బండ్ల ఎలక్ట్రానిక్స్ పరీక్షించే పని చేస్తున్నాను. నా గదిలో ఉండే సుధీర్‌ది ఆత్మకూరు. అతని పెదనాన్న పెంచలరెడ్డి గారికి నిమ్మతోటలున్నాయి, సోమశిల చేపలను ఉదయగిరికి చేర్చే పికప్ ఒకటి ఉంది. దాన్ని పదకొండేళ్లుగా నడుపుతున్న డ్రైవరు మస్తాన్. ఒక సాయంత్రం సుధీర్ ఫోన్ పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

“నాలుగు రోజులు లీవుండాది గదరా నీకు. మా ఊరికి పోయి ఆ బండి చూడు. లేకుంటే మస్తానన్న పని ఊడతాది.”

“ఏమైంది?”

“బ్రేకు తొక్కినా ఆగలేదంట. మా పెదనాయన గేటుకే గుద్దినాడు.”

ఆ రాత్రే సంచి సర్దాను. అరచేతిలో పట్టే స్కానరు, స్పానర్ల కట్ట, సందు మందం కొలిచే ఉక్కు రేకులు, టార్చిలైటు, నోట్‌బుక్కు, రెండు జతల బట్టలు. బట్టలు రెండు జతలు చాలవని శుక్రవారం మధ్యాహ్నానికి తెలిసింది.

ఆత్మకూరు: వంకర గేటు

గురువారం ఉదయం తొమ్మిదికి ఆత్మకూరులో దిగాను. బస్టాండు ఎదురుగా కారం దోసె ముప్ఫై రూపాయలు. మా తెనాలిలో దోసెకు కారప్పొడి పక్కన పెడతారు. ఇక్కడ ఎర్ర కారాన్ని వెల్లుల్లితో రుబ్బి దోసె లోపలే పూసేస్తారు. మొదటి ముక్కకు చెవులు వేడెక్కాయి. “కొత్తనా?” అంటూ దోసెలాయన నీళ్ల గ్లాసు జరిపాడు. అడగకముందే రెండో గ్లాసు కూడా పెట్టాడు.

పెంచలరెడ్డి గారి ఇంటికి దారి అడగాల్సిన పని పడలేదు. వీధి చివర పచ్చ రంగు ఇనుప గేటు ఒకటి లోపలికి వంగి ఉంది. దాని ముందు పికప్, దాని పక్కన నలభై అయిదేళ్ల మనిషి, అరుగు మీద తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

“సుధీరుగాడి స్నేహితుడివా? రా నాయనా, కూర్చో” అన్నారు పెంచలరెడ్డి గారు. “బండి చూడాల్సిన పని లేదు. మనిషిని చూస్తే చాలు. కళ్లు పోయినాయి వాడికి.”

“నా కళ్లకేమైంది పెద్దాయనా? బ్రేకు తొక్కితే కాలి కింద గడగడా కొట్టుకుంటాది, బండి ముందుకు పోతాది. ఎన్ని మాట్లు చెప్పాల?” అన్నాడు మస్తాన్.

“పదకొండేళ్లు ఆగిన బండి ఇప్పుడెందుకు ఆగదంట?”

“అదే గదా ఈయన చెప్పాల్సింది.”

అంతకుముందు ఇద్దరు మెకానిక్కులు చూశారట. ఒకాయన బ్రేకులు బాగున్నాయన్నాడు. రెండో ఆయన ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలని, బండి ధరలో సగం చెప్పాడు. బ్రేకులు బాగున్నాయన్న మాటే పెంచలరెడ్డి గారు పట్టుకున్నారు. బ్రేకులు బాగుంటే తప్పు డ్రైవరుదే కదా. ఆ మాట వీధి చివరి టీ అంగట్లో నలుగురి ముందూ అనేశారు. ఆత్మకూరులో పికప్ యజమానులందరూ పొద్దున టీ తాగేది అక్కడే. ఇప్పుడు ఈ పని పోతే మస్తాన్ చేతికి తాళం ఇచ్చేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ ఉండరు. కొత్త డ్రైవరు శనివారం పది గంటలకు వస్తాడు.

ఆ బండిని ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డుకు తోలించాను. మస్తానన్నను ఇరవై సార్లు ఆపమన్నాను. పదిహేడు సార్లు బుద్ధిగా ఆగింది. మూడు సార్లు, ఇక ఆగుతుందనుకున్న చివరి క్షణంలో, పెడల్ గడగడలాడి బండి ఇంకో మూడడుగులు జారింది. నేను నడిపినప్పుడూ ఒకసారి అలాగే చేసింది. అంటే కళ్లతో సంబంధం లేదు. నోట్‌బుక్‌లో మొదటి వాక్యం అదే రాసుకున్నాను.

ఏబీఎస్ గురించి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ప్రతి చక్రం దగ్గర పళ్లున్న ఇనుప రింగు ఒకటి తిరుగుతుంది. దాని ఎదురుగా ఉన్న సెన్సారు ఎన్ని పళ్లు దాటాయో లెక్కపెడుతుంది. మూడు చక్రాలు తిరుగుతూ ఒకటి ఆగిపోయినట్టు కనిపిస్తే, ఆ చక్రం జారుతోందని కంప్యూటరు అనుకుని దాని బ్రేకును క్షణం పాటు వదిలి మళ్లీ పట్టిస్తుంది. గడగడ అదే. వాన రోడ్డు మీద ప్రాణం కాపాడే పని. పొడి రోడ్డు మీద, గేటు ముందు, అదే పని అనవసరంగా చేస్తే గేటు వంగుతుంది.

అనుమానాలు ఆరు రాసుకున్నాను. టైర్లు, బేరింగు, బ్రేకు ఆయిలు, వైర్లు, సెన్సార్లు, కంప్యూటరు. స్కానరు తగిలిస్తే లోపాల పట్టీ ఖాళీగా వచ్చింది. డాష్‌బోర్డు మీద దీపం కూడా వెలగడం లేదు. అప్పుడు వెనక ఎడమ టైరు కనిపించింది. మిగతా మూడింటి కంటే కొత్తది, వేరే కంపెనీది, చుట్టుకొలత కాస్త ఎక్కువ. పెద్ద టైరు నెమ్మదిగా తిరుగుతుంది, కంప్యూటరు పొరబడుతుంది. అంతే కదా!

స్టెప్నీ తీసి అక్కడ బిగించాం. పది సార్లు ఆపాం. పదిసార్లూ ఆగింది. నేను నేరుగా వెళ్లి పెంచలరెడ్డి గారితో “అయిపోయిందండీ, టైరు తేడా” అని చెప్పేశాను. ఏదీ, చూపించండి అన్నారాయన. మస్తానన్న వీధి మొదటినుంచి నెమ్మదిగా వచ్చాడు. గేటుకు నాలుగడుగుల దూరంలో గడగడ మొదలైంది. బండి వచ్చి గేటును మళ్లీ ముద్దుపెట్టుకుంది.

పెంచలరెడ్డి గారు కండువా దులుపుకుని లేచారు. “నీ చదువు, వాడి డ్రైవింగు ఒక మాదిరే ఉండాయి నాయనా. అన్నం తిని పడుకో.”

పది సార్లు సరిపోవని, ఇరవైలో మూడుసార్లే వచ్చే జబ్బుకు పది పరీక్షలు ఏమీ తేల్చవని లెక్క తెలిసినవాడు ఎవడైనా చెప్తాడు. నాకు లెక్క తెలుసు. తొందర కూడా ఉంది. ఆ పూట తొందరే గెలిచింది.

లాడ్జి దాకా దిగబెడుతూ మస్తానన్న ఒక్క మాటే అడిగాడు. “రేపు లోడుకు పోతుండా. సోమశిల, ఆమీద ఉదయగిరి. వస్తావా అబ్బయా, ఇంటికి పోతావా?”

“వస్తానన్నా.”

సోమశిల: వల వేసే పొలం

శుక్రవారం తెల్లవారేసరికి సోమశిల రిజర్వాయరు ఒడ్డున ఉన్నాం. పెన్నా నీళ్లు కొండల మధ్య కదలకుండా పరుచుకుని ఉన్నాయి. మాకు కృష్ణా కాలువల్లో పారే నీళ్లే తెలుసు. పారని నీళ్లు ఇన్ని ఒకచోట చూడటం అదే మొదటిసారి.

చేపలు తూకం వేసే ఓబులేసు అరవై ఏళ్ల మనిషి. బొచ్చె కిలో నూట అరవై, రాగండి నూట నలభై. మీది ఏ ఊరు అని అడిగితే నీళ్లవైపు చెయ్యి చూపించాడు.

“అదిగో, ఆ తెప్ప ఉండాదే, దాని కింద.”

నవ్వాలో లేదో నాకు తెలియలేదు. ఆయనే నవ్వాడు. “డ్యాము కట్టినాక మునిగింది. మా నాయన నాగలి తోలిన చేలోనే నేను వల ఏస్తుండా. అప్పుడు ఏడాదికొక పంట. ఇప్పుడు దినామూ పంటే.”

ఐసు ముక్కలు పెట్టెల్లో పరిచి, చేపలు పేర్చి, మళ్లీ ఐసు పరిచి, ఆఖరున ఓబులేసు గోనెసంచిలోంచి దోసెడు కల్లుప్పు తీసి పైన చల్లాడు. ప్రతి పెట్టెకూ అంతే. మా ఊళ్లో చేపలవాళ్లు ఉత్త ఐసే వేస్తారని చెప్పాను.

“మీకేం, కాలవ పక్కనే సంత. ఇక్కడ ఎండలో ఉదయగిరి దాకా పోవాల. ఉప్పేస్తే చలి ఎముకల్లోకి దిగుతాది” అన్నాడు.

అది నిజమే. ఉప్పు కలిసిన ఐసు మామూలు ఐసు కంటే చల్లన. చదువు లేకుండా భౌతికశాస్త్రం సరిగ్గా చెప్పాడని మెచ్చుకుంటూ, ప్రాంతాల ఆచారాలు అన్న శీర్షిక కింద నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అది రాయాల్సింది అనుమానాల పేజీలో. అప్పటికి నాకు తెలియదు.

దుత్తలూరు దారి: నాలుగు అంకెలు

సోమశిల నుంచి ఆత్మకూరు మీదుగా దుత్తలూరు వైపు తిరిగాం. ఎర్ర నేల, నిమ్మతోటలు, బత్తాయి తోటలు, అవి అయిపోయాక మైళ్లకొద్దీ జామాయిల్ చెట్లు, అన్నీ ఒకే ఎత్తున. మా వైపు వరి పచ్చదనం కంటికి అడ్డం లేకుండా పోతుంది. ఇక్కడ ఎటు చూసినా ఆకాశమే ఎక్కువ.

ముందురోజు చేయాల్సిన పని అప్పుడు చేశాను. స్కానరును స్టీరింగు కింద తగిలించి, నాలుగు చక్రాల వేగం నాలుగు అంకెలుగా ఫోన్‌లో కనిపించేలా పెట్టాను. మొదట మేకల మంద అడ్డం వచ్చి మస్తానన్న బ్రేకు వేస్తే ఫోన్ నా ఒళ్లోంచి జారి కాళ్ల కిందికి పోయింది. పైకి తీసేసరికి మేకలు వెళ్లిపోయాయి, అంకెలూ పోయాయి. రెండోసారి కల్వర్టు దగ్గర స్కానరు దానంతట అదే తెగిపోయింది.

“నీ యంత్రానికి గూడా ఏబీఎస్సా?” అన్నాడు మస్తానన్న.

దుత్తలూరు ఊరు మొదట్లో వరుసగా స్పీడ్‌బ్రేకర్లు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాను. నలభై దగ్గర నాలుగూ నలభై. ఇరవై దగ్గర నాలుగూ ఇరవై. మస్తానన్న ఇంకా తగ్గించాడు. పన్నెండు, పన్నెండు, పన్నెండు, సున్నా.

సున్నా!

బండి ఇంకా కదులుతూనే ఉంది. వెనక ఎడమ చక్రం ఆగిపోయిందని కంప్యూటరు చదువుతోంది. మరుక్షణం పెడల్ గడగడలాడింది.

“వచ్చిందా?” అన్నాడు మస్తానన్న రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

“వచ్చిందన్నా! ఎడమ వెనక చక్రం. తిరుగుతూనే ఉంది, తిరగడం లేదని చెప్తోంది.”

“అబద్ధాలు చెప్తుండాది అను.”

“నెమ్మదిగా పోయినప్పుడు మాత్రమే.”

“మా పెద్దాయన మాదిరే” అన్నాడు, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

దుత్తలూరు వీధిలో ఇంకో పదకొండు స్పీడ్‌బ్రేకర్లు, గుంటలు లెక్కపెట్టాం. నాలుగుసార్లు గడగడ వచ్చింది. నాలుగుసార్లూ అదే చక్రం ముందుగా సున్నా అయింది. టీ పది రూపాయలు, నేనే ఇస్తానన్నాను, మస్తానన్న ఒప్పుకోలేదు. అంగడాయనతో “ఈయన మా ఇంజినీరు” అన్నాడు. ముందురోజు సాయంత్రం నాకు ఆ బిరుదు లేదు.

వేగంగా ఉన్నప్పుడు బాగా చదివి నెమ్మదించగానే చూపు కోల్పోయే సెన్సారుకు సాధారణంగా ఉండే జబ్బు ఒకటే. పళ్ల రింగుకూ దానికీ మధ్య సందు పెరిగి ఉంటుంది. ఎందుకు పెరిగింది? బండి కింద పడుకుంటే గాని తెలియదు.

ఉదయగిరి: నమాజు వేళ

ఉదయగిరిలో మొదట కనిపించేది కొండ. ఊరు దాని ఒళ్లో కూర్చున్నట్టు ఉంటుంది. వీధిలో ఎక్కడ నిలబడ్డా తలెత్తితే కొండ, దాని అంచున కోట గోడ. చేపలు దించేసరికి పన్నెండున్నరయింది. సంత పక్కన చింతచెట్టు నీడలో బండి పెట్టి, చేతులు కాళ్లు కడుక్కుని మస్తానన్న మసీదుకు వెళ్లాడు. “గంట పడతాది. అంతలో ఏదీ ఇరగ్గొట్టబాకు.”

టార్చి పట్టుకుని వెనక చక్రం పక్కన బండి కింద దూరాను. సెన్సారు కూర్చునే చోటు చూద్దామని మెడ తిప్పి నోరు తెరిచి ఉన్నానేమో, పైనుంచి ఒక చుక్క సరిగ్గా నాలుక మీద పడింది.

ఉమ్మేశాను. చేపల వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఉమ్మేశాక మాత్రం అలాగే ఆగిపోయాను. ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

సోమశిల నీళ్లు తియ్యన, పొద్దున తాగాను. సముద్రం ఇక్కడికి ఎనభై కిలోమీటర్లకు పైనే. ఓబులేసు దోసెడు కల్లుప్పు గుర్తొచ్చింది. టార్చి పైకి వేశాను. బండి తొట్టి అడుగున, చక్రానికి సూటిగా పైన, బొటనవేలు పట్టేంత బెజ్జం. అందులోంచి కరిగిన ఐసు నీళ్లు బొట్టు బొట్టుగా ఇరుసు మీద పడుతున్నాయి. అక్కడినుంచి సెన్సారు కూర్చునే చోటికి. అక్కడ తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది, పప్పుచెక్క పొంగినట్టు. ఆ పొంగు మీద సెన్సారు పీట వేసుకుని కూర్చుంది. ఉక్కు రేకులతో కొలిచాను. ఉండాల్సిన సందుకు రెండింతలకు పైగా ఉంది.

బండి కింద అంత సంతోషంగా ఎప్పుడూ పడుకోలేదు.

మస్తానన్న తిరిగొచ్చి నా చొక్కా చూసి “చేపల్లో పొర్లినావా?” అన్నాడు. బెజ్జం చూపించాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

“ముందు ఎనక తలుపు సందులోంచి కారేది. ఎనకొచ్చే మోటారుసైకిళ్లోళ్ల మొహాన పడేది. ఒకాయన పెద్దాయనకాడికొచ్చి పంచాయితీ పెట్టినాడు. అందుకని బెజ్జం కొట్టించినాం, రెండేళ్లయింది. చక్రం మీద పడితే ఎవురికీ తగలదు గదా అని.”

“ఎవరి ఆలోచన?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పెద్దాయనే దగ్గరుండి కొట్టించినాడు. వెల్డింగాయన మధ్యలో కొడతానంటే కాదు, ఎడమ చక్రం మీదే కొట్టమన్నాడు. ఈ మాట నేనెట్ట చెప్పేదబ్బయా?”

“నేను చెప్తాను.”

“నువ్వు బస్సెక్కి పోతావు. నేను ఆడే ఉండాల.”

ముందు సెన్సారు బయటికి రావాలి. మర మెల్లగా ఊడింది. సెన్సారు మాత్రం తుప్పులో ఇరుక్కుపోయి ఉంది. ప్లాస్టిక్ తల. గట్టిగా లాగితే విరుగుతుంది. విరిగితే కొత్తది చెన్నై నుంచి రావడానికి నాలుగు రోజులు. మాకు ఉన్నది మర్నాడు పది గంటల దాకా. మస్తానన్న సుత్తి తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

“ఆగండిరా, ఏందా కుస్తీ?”

ఎదురింటి గడపలో కూర్చుని చెక్క చెంచాలు నున్న చేస్తున్న పెద్దావిడ. ఉదయగిరి చెక్క చెంచాలు చేసే ఇళ్లు ఆ వీధిలో చాలా ఉన్నాయి. మస్తానన్న ఆవిడను ఖాలా అని పిలిచాడు, అంటే పిన్ని. పేరు షమీమ్ బీ. చీర దులుపుకుని వచ్చి, వంగి చూసింది.

“చెక్కలో ఉలి ఇరుక్కుంటే లాగుతామా? చీలిపోదూ! చమురు పోయండి. కూర్చోండి. ఆమీద ఈ పక్కకి రవ్వంత, ఆ పక్కకి రవ్వంత ఊపండి. అదే వస్తాది.”

“ఎంతసేపు ఖాలా?”

“నీకు పెళ్లి తొందరేం లేదు గదా, కూర్చో.”

ఆవిడ ఇచ్చిన చమురు పోసి అరగంట కూర్చున్నాం. ఆ అరగంటలో రాగిసంగటి, పప్పుచారు పెట్టింది. డబ్బులు తీస్తే చెంచాతో నా చెయ్యి తట్టింది. నలభై రూపాయలవి నాలుగు చెంచాలు కొన్నాను, వాటికి మాత్రం గీచి గీచి బేరమాడి పూర్తి ధర తీసుకుంది. సంగటి ఊరకే, చెంచా ఊరకే కాదు. ఆ తేడా నాకు నచ్చింది.

తరువాత సెన్సారును రెండు వేళ్లతో పట్టుకుని, ఈ పక్కకి రవ్వంత, ఆ పక్కకి రవ్వంత ఊపాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, నా విషయంలో అది అరుదు. చివరికి చిన్న కిర్రుమన్న చప్పుడు చేసి, పాలపన్ను ఊడినట్టు చేతిలోకి వచ్చింది. ఎక్కడా చీలలేదు.

“చూసినావా!” అని కేక వేసింది షమీమ్ బీ, నాకంటే ముందు.

చెంచా గుంట నున్న చేసే సన్నని ఆకురాయి ఆవిడే ఇచ్చింది. దానితో సెన్సారు కూర్చునే చోట తుప్పంతా గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను. గ్రీజు పూసి సెన్సారు తిరిగి పెట్టి కొలిస్తే, సందు ఎంత ఉండాలో అంతే వచ్చింది. మస్తానన్న సంతలో రెండు అడుగుల రబ్బరు గొట్టం కొని బెజ్జానికి బిగించాడు. ఇకమీద నీళ్లు చక్రాన్ని దాటి, వెనక బంపరు కిందుగా, రోడ్డు మీదకే పడతాయి. ఉప్పు మానమని ఎవరికీ చెప్పలేదు. చేపలకు అది కావాలి.

కొండ కింద నలభై సార్లు

ఈసారి పదితో తృప్తిపడలేదు. కోట వైపు వెళ్లే వాలు దారిలో నలభై సార్లు ఆపాం. ఎక్కుతూ, దిగుతూ, మెల్లగా, గట్టిగా. నాలుగు అంకెలూ చెయ్యి చెయ్యి పట్టుకున్నట్టు కలిసి దిగాయి. నాలుగూ ఒకేసారి ఎనిమిది, తర్వాత ఆరు, మూడు, చివరికి సున్నా. ఒక్కసారీ గడగడ లేదు. ముందురోజు మార్చిన పెద్ద టైరును కూడా తిరిగి బిగించి ఇంకో పది చూశాం. అదీ నిర్దోషే. దాని మీద నేను మోపిన నేరం నోట్‌బుక్‌లో కొట్టేశాను.

ముప్ఫయ్యోసారి నుంచి మస్తానన్న నా అంకెలు అడగడం మానేశాడు. కాలితోనే తెలుస్తోందన్నాడు. తిరుగు దారిలో దుత్తలూరు స్పీడ్‌బ్రేకర్ల మీద, మేకల ముందు, బర్రెల ముందు, ఏ కారణం లేకుండా కూడా ఆపుతూ వచ్చాడు. వెనక వచ్చిన లారీ డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. “బ్రేకులుండాయన్నా, అందుకే!” అని బదులు అరిచాడు మస్తానన్న.

మళ్లీ ఆత్మకూరు: ప్లాస్టిక్ కుర్చీ

శనివారం తొమ్మిదిన్నరకే కొత్త డ్రైవరు వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. పెంచలరెడ్డి గారు మమ్మల్ని చూసి “ఈసారి ఏ టైరు?” అన్నారు.

“చూపిస్తామండీ” అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, గేటుకు ముందు వీధిలో వేసుకుని కూర్చున్నారు. “రమ్మను. నమ్మకముంటే రమ్మను.”

యాభై పరీక్షలు నెగ్గిన బండే. అయినా యాభై ఒకటో పరీక్ష ముందు మనిషి కూర్చుంటే అంకెలకు అర్థం మారిపోతుంది. మస్తానన్న మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నింపాదిగా తల బయట పెట్టాడు.

“లేయండి పెద్దాయనా.”

“ఏం, నమ్మకం లేదా?”

“బండి మీద ఉండాది. మీ మీద లేదు. దగ్గరకొచ్చేతలికి లేచి ఎటు పరిగెత్తుతారో ఏమో.”

అరుగు మీద కొత్త డ్రైవరు నవ్వాడు. వీధిలో నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. పెంచలరెడ్డి గారు మూతి బిగించి లేచారు, కుర్చీ మాత్రం అక్కడే ఉంచారు.

మస్తానన్న వీధి మొదటికి వెళ్లి తిరిగాడు. వచ్చాడు. గేటు కొట్టిన రోజు ఎంత వేగంతో వచ్చాడో అంతే వేగం. పదడుగులు, ఆరడుగులు, నాలుగు. గడగడ లేదు. బండి ముక్కు చిన్నగా వంగి, లేచి, నిలబడింది. కుర్చీ కదలలేదు.

పెంచలరెడ్డి గారు వంగి, బంపరుకూ కుర్చీకీ మధ్య చెయ్యి పెట్టి చూశారు. జానెడు. “మళ్లీ” అన్నారు. మళ్లీ జానెడు. మూడోసారి బెత్తెడు. మస్తానన్న కావాలనే చేశాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

“ఏం చేసినారు?” అన్నారు, ఈసారి నావైపు తిరిగి.

ఉప్పు, నీళ్లు, తుప్పు, సెన్సారు. నాలుగు వాక్యాల్లో చెప్పాను. బెజ్జం ఎవరు కొట్టించారన్నది మాత్రం చెప్పలేదు, చెప్తానని మాట ఇచ్చి కూడా. ఆయన బండి వెనక్కి వెళ్లి కొత్త గొట్టాన్ని వేలితో కదిపి, అది ఎక్కడికి పోతుందో చూస్తూ వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

“ఈ బెజ్జం...” అన్నారు.

“ఎప్పుడో కొట్టించిందిలే పెద్దాయనా” అన్నాడు మస్తానన్న, ఎటో చూస్తూ.

“ఎప్పుడో కాదురా. నేనే కొట్టించినా. ఈడే కొట్టమని నేనే చెప్పినా.”

ఆయన లేచి, కొత్త డ్రైవరుతో “కాఫీ తాగి పో నాయనా, ఇంట్లో చెప్తా” అని, మస్తానన్నతో “సోమారం లోడుండాది, నీకు తెలుసు గదా” అన్నారు.

మస్తానన్న ఇంజిన్ ఆపలేదు. “లోడు సంగతి తెలుసు. కళ్ల సంగతేంది?”

“ఏ కళ్లు?”

“నాకు పోయినాయని టీ అంగడికాడ చెప్పినారు గదా, ఆ కళ్లు.”

తెనాలిలో ఏ డ్రైవరూ యజమానితో ఇలా మాట్లాడటం నేను వినలేదు. పెంచలరెడ్డి గారు కండువా భుజాన వేసుకుని, ముందు తలుపు తెరిచి, నా సీట్లో ఎక్కి కూర్చున్నారు. “పోనియ్ బండి” అన్నారు. నేను వెనక తొట్టిలోకి ఎక్కాను, చేపల వాసనలోకి.

టీ అంగడి ముందు జనం మామూలుగానే ఉన్నారు. మస్తానన్న బల్లకు దగ్గరగా, గ్లాసులు కదలనంత మెత్తగా బండి ఆపాడు. పెంచలరెడ్డి గారు దిగలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి, అందరికీ వినబడేలా ఒక్కసారే చెప్పారు.

“ఏమయ్యా, మొన్న మస్తానుకు కళ్లు పోయినాయన్నాను గదా. వాడి కళ్లు బాగుండాయి, కాలు బాగుండాది. చెడింది బండి. చెడగొట్టింది నేను. టీలు పొయ్యండి, అందరికీ.”

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో “మా బండి గూడా చూస్తాడా ఆ అబ్బాయి?” అని అడిగారు. మస్తానన్న సీటు దిగలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. నాకూ ఒక గ్లాసు పైకి అందించారు. తొట్టిలో నిలబడే తాగాను. నేను ఎక్కాల్సిన పదింబావు నెల్లూరు బస్సు హారన్ కొడుతూ మా పక్కనుంచే వెళ్లిపోయింది. నేను చెయ్యెత్తలేదు.